నరం కనబడ్తుందా చెల్లె

మొన్న మంగళవారం పొద్దున నా టీ బండికి ఎదురుగా రెండు స్తంభాల మధ్య ఒక ఫ్లెక్సీ కట్టారు. కట్టిన ఇద్దరూ నా దగ్గరే టీ తాగి పోయారు, ఒక్క ముక్క చెప్పలేదు. గ్లాసులు కడిగి తలెత్తి చూస్తే ఆయన ఫొటో. ఫొటో పక్కన ఆయన పేరు, జానెడు ఎత్తు అక్షరాల్లో. ఆ అక్షరాలు కూడా ఆయనవే. ఆయన పోయాడని నాకు అట్లా తెలిసింది.

ఆయన పేరు నేనిక్కడ రాయడం లేదు. తన అక్షరాలకు తన పేరు పెడతామంటేనే వద్దన్న మనిషి. శంషాబాద్‌లో ఆయన్ని అందరూ ఆర్టిస్టు అనేవారు. నేను అన్నా అనేదాన్ని.

కాసేపటికి ఆటోవాళ్లు టీకి వచ్చారు. మట్టి చేసేది ఎక్కడ, ఎన్నింటికి అని అడిగాను. "ఇక్కడనే గదా అవ్వా, మన ఊరి సమాధుల తోటల. ఐదు గంటలకు అనుకుంట" అన్నాడొకడు. నీకెవరు చెప్పారంటే, అంత పెద్దగా రాసి పెట్టారు కదా అని ఫ్లెక్సీ వైపు గడ్డం చూపించాడు. మిగతావాళ్లు కూడా తలలూపారు.

నేను ఫ్లెక్సీ చూశాను. పేరు కింద రెండు వరుసలు ఉన్నాయి, వేలి కణుపంత అక్షరాలు. నా బండి దగ్గర నుంచి చూస్తే అవి అక్షరాల్లా లేవు. తెల్ల బట్ట మీద నువ్వులు చల్లినట్టు లావు గీతలు మాత్రం అక్కడక్కడ మిగిలాయి. వాటిని కలిపే సన్న గీతలు ఎక్కడా లేవు. స్టూలు తీసుకుపోయి ఫ్లెక్సీ కింద వేసుకుని ఎక్కి, ముక్కు ఆనించి చదివాను. భూస్థాపన మైలార్‌దేవ్‌పల్లి సమాధుల తోటలో. సాయంత్రం నాలుగు గంటలకు.

మైలార్‌దేవ్‌పల్లి ఆయన కూతురు ఉండే చోటు. ఇక్కడ అందరూ ఐదింటికి మన ఊరి తోటకు పోయి నిలబడతారు. అక్కడ నాలుగింటికి ఆయన్ని నలుగురు మనుషులు దించేసి వెళ్లిపోతారు. స్టూలు మీద నా కాళ్లు వణికాయి. ముసలితనం వల్ల అనుకోకండి. ఆ వణుకు పాతది, కొత్తూరులో పుట్టింది. అది చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

నేను బడి మొహం చూసినదాన్ని కాను. నలభై ఏడో ఏట అక్షరం పట్టాను. అది కూడా చదువుకుందామని పట్టింది కాదు. నాకు చదువు రాకపోవడం ఆయనకు పనికొచ్చింది, అంతే.

నా బండి పక్కనే ఉన్న రేకుల షెడ్డు ఆయనది. బోర్డులు రాసేవాడు. ఆయన అక్షరం ఇట్లా ఉండేది: ఒక వైపు గీత బొటనవేలంత లావు, అదే గీత తిరిగి పైకి వచ్చేసరికి వెంట్రుకంత సన్నం. గీత ఆగిన ప్రతిచోటా చిన్న పాదం, పిట్ట కాలు మోపినట్టు. లావును ఒళ్లు అనేవాడు. సన్నాన్ని నరం అనేవాడు. ఒళ్లు ఎవడైనా రాస్తాడు, నరం దగ్గరే మనిషి తెలుస్తాడు అనేవాడు. చీరల దుకాణాలవాళ్లు, నగల షాపులవాళ్లు ఆ అక్షరాల కోసమే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. ఇక్కడ విమానాలు దిగడం మొదలైనాక రోడ్డుకు రెండు వైపులా ఫంక్షన్ హాళ్లు లేచాయి. చాలావాటి నెత్తి మీద ఆయన రాతే. జనం వాటిని పెండ్లి అక్షరాలు అని పిలిచేవారు.

బోర్డు ఆరినాక షెడ్డు షట్టరుకు ఆనించి, నన్ను రోడ్డు అవతలికి తరిమేవాడు. అక్కడ పంక్చర్ల దుకాణం ముందు సున్నంతో గీత గీసి పెట్టాడు, షట్టరు నుంచి సరిగ్గా నలభై అంగలు. నేను ఆ గీత మీద నిలబడాలి. "చదువొద్దు చెల్లె. ఏం కనబడ్తుందో గదే చెప్పు" అనేవాడు. లారీల మోతలో, నెత్తి మీద విమానం పోతే ఆ మోతలో, నా గొంతు ఆయనకు అందదు. అందుకని సైగలు పెట్టుకున్నాం. తలకట్టు కనబడకపోతే నెత్తి మీద చెయ్యి. పాదం కనబడకపోతే మడమ ముట్టుకోవాలి. నరం తెగినట్టు అనిపిస్తే పిడికిలి ఎత్తి ఊపాలి. రోడ్డు మీద పోయేవాళ్లు నాకు పూనకం వచ్చిందనుకునేవారు. పంక్చర్లవాడైతే నా ముందు నిమ్మకాయ పెట్టాలని ఎగతాళి చేసేవాడు.

ఇంతమంది చదువుకున్నవాళ్లు ఉండగా నన్నెందుకు నిలబెడతావన్నా అని అడిగానొకసారి. కుంచె తుడుచుకుంటూ చెప్పాడు. "చదువుకున్నోడు సగం చూస్తడు, సగం అల్లుకుంటడు. నీకు అల్లుకునుడు రాదు. కనబడ్డదే కనబడ్తది." ఇది మెప్పో తిట్టో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

అట్లా చూసీ చూసీ నాకు అక్షరాలు వచ్చాయి. ఎవరూ నేర్పలేదు. రోడ్డు దాటి వచ్చి గుడ్డు మీద కొడవలి సగం పోయిందన్నా అనేదాన్ని. అది ర అనేవాడు. గొంగడి కప్పుకున్న మనిషి బాగున్నాడన్నా అంటే అది గ. మెడ వంచిన కొంగకు మెడ తెగింది అంటే అది ల. ఆయన ఒక్కో పేరు చెప్తుంటే నేను టీ పోస్తూ వాటినే గొణుక్కునేదాన్ని. నా బండి మీద ఆయనే రాసిచ్చిన 'టీ' ఉండేది. దాని కింద నిలబడి ఆరేళ్లు అమ్మినాక అది టీ అని తెలిసింది. ఆ రోజు నేను ఏడ్చాను. ఆయన నవ్వలేదు, కంగారుపడ్డాడు. "మెల్లగ చదువు చెల్లె. నువ్వు ఫటాఫట్ చదివిన రోజు నాకు అక్కరకు రావు" అన్నాడు.

ఆయనకు భయం ఎక్కువ. నాకు తెలిసిన మగవాళ్లలో అంత భయస్తుణ్ణి చూడలేదు. నరం గీసే రోజు పొద్దున్నుంచి టీ తాగేవాడు కాదు, చెయ్యి వణుకుతుందని. నేను పంపిన గ్లాసు మీద మీగడ కట్టేది, ఆ గ్లాసు అట్లాగే తిరిగొచ్చేది. నరం గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. ఆ కాసేపు నేను కూడా బండి దగ్గర స్టవ్వు పంపు కొట్టడం ఆపేసేదాన్ని. కట్టేసిన బోర్డుల దగ్గరికి వానలో పోయి చూసొచ్చేవాడు, ఎర్రటి ఎండలో పోయి చూసొచ్చేవాడు. ఫంక్షన్ హాలు ఎదురుగా కూర్చుని, పోయేవాళ్లలో ఎంతమంది తల తిప్పారో, ఎంతమంది తిప్పి కూడా చదవలేకపోయారో గమనించేవాడు. వాచ్‌మన్లు ఆయన్ని దొంగ అనుకుని లేపేవారు. చర్చి గోడ మీద వాక్యం ఆయనే రాశాడు. ఆదివారం ఎప్పుడూ కడపటి బెంచీలో కూర్చునేవాడు. పాస్టరు ఏం చెప్పాడని కూతురు అడిగితే తెలియదనేవాడట. కింది వరుస అక్కడికి కనబడుతున్నదీ లేనిదీ మాత్రం చెప్పేవాడట.

ఇంత భయమెందుకు, రాసింది పెండ్లి మండపం పేరు, కనబడకపోతే ఎవరు చస్తారని నేనొకసారి మొహం మీదే అనేశాను. ఆయన చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు నా చేతిలో పెట్టాడు. "ఈ చేతికి ఒక్కటే రాత వచ్చు. రేపు దీనితోటి ఏం రాయమంటరో" అన్నాడు. నేను అప్పుడు పట్టించుకోలేదు.

కొత్తూరు దగ్గర ఒక కంపెనీ ఓనరు తన బిడ్డ పెండ్లి చేసిన హాలు మీద ఆ అక్షరాలు చూసి మనసు పడ్డాడు. కంపెనీలో బోర్డులన్నీ అవే అక్షరాల్లో, తెలుపు మీద బంగారు రంగులో కావాలన్నాడు. ఆఫీసు, క్యాంటీను, స్టోరు, సైకిల్ స్టాండు. ఆ జాబితాలో కడపటిది మురికినీళ్ల గుంత బోర్డు. ఆ గుంతలో గ్యాసు పుడుతుంది, మూత తీసి దిగినవాడికి ఊపిరి ఆడదు. 'లోపల విషవాయువు ఉంది, దిగరాదు' అని రాయాలి.

ఆయన ఆ ఒక్కటి మాత్రం లావు నల్ల అక్షరాలతో రాస్తానన్నాడు. మేనేజరు ఒప్పుకోలేదు. అన్నీ ఒక తీరుగా ఉండాలి, లేకపోతే మొత్తం పని ఫ్లెక్సీ షాపుకు ఇస్తామన్నాడు. రెండు రోజులు ఆయన షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు. పెండ్లి అక్షరాలు జానెడు కన్నా చిన్నగా రాయొద్దని ఆయన పెట్టుకున్న నియమం ఒకటుంది. గుంత బోర్డు మీద అక్షరానికి దొరికింది నాలుగు వేళ్లు. చివరికి ఒప్పుకున్నాడు. ఇది ఆయన తప్పు. చచ్చిపోయాడని నేను కప్పిపెట్టను. నరానికి ఒక వెంట్రుక మందం ఎక్కువ పెట్టి, ఇగ చెల్లె చూసి చెప్తది అనుకున్నాడు.

ఆ తరువాతి తప్పు నాది.

ఆ వారమే నేను ఆరాంఘర్ వైపు నుంచి వచ్చే బస్సు బోర్డు, బస్సు ఆగకముందే చదివేశాను. కండక్టరును అడగకుండా ఎక్కాను. ఆ గర్వం నెత్తిలో ఉంది. సున్నం గీత మీద నిలబడి చూస్తే 'లోపల' కనబడింది. 'విష' కనబడింది. ఆ తరువాత అంతా ఎండకు తెల్లగా మెరిసింది. అయినా నా నోరు ఆగలేదు. మిగతా మాటలు, రెండు రోజులు ఆయన నోట విన్నవే, వాటంతట అవే వచ్చేశాయి. రోడ్డు దాటి వచ్చి మొత్తం వరుస ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను.

ఆయన మొహం విచ్చుకుంది. వెంటనే ముడుచుకుంది. "చూసినవా, చదివినవా?" అని అడిగాడు.

"చూసిన."

"నరం కనబడ్తుందా చెల్లె?"

"కనబడ్తుందన్నా."

కనబడలేదు. కనబడలేదంటే మళ్లీ చదువురానిదాన్ని అయిపోతానని భయపడ్డాను. అంత చిన్న భయం అది.

బోర్డు పోయింది, గుంత పక్క గోడకు ఎక్కింది. నాలుగో రోజు పొద్దున నా కోడలు సద్ది కట్టుకుంటూ నవ్వుతోంది. ఆమె అప్పుడు ఆ కంపెనీలోనే ఊడ్చే పనికి పోయేది. "మా గుంత కాడ పెండ్లి కార్డు అసుంటిది తగిలిచ్చిండ్రు అత్తా. సేటు ఇంట్ల ఏదో ఫంక్షన్ అనుకున్నం." ఏం రాశారే అని అడిగాను. "ఎవరు చూసిండ్రు. మస్తు మెరుస్తుంది. ఇయ్యాల గుంతల మడ్డి తియ్యమన్నరు, జర జల్ది పోవాలె" అని చెప్పులు వేసుకుని కంపెనీ ఆటో ఎక్కింది.

నా బుర్ర నిదానం. బండి దగ్గరికి వచ్చాను, స్టవ్వు వెలిగించాను, పాలు పెట్టాను. పాలు పొంగి పొయ్యి మీద పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు తెలిసింది. మూడో తరగతి చదివిన పిల్ల, ఆ బోర్డు పక్కనే పని చేస్తూ, దాన్ని చదవాలని కూడా అనుకోలేదు. పెండ్లి అక్షరాల్లో చావు కబురు ఉంటుందని ఎవరనుకుంటారు.

షెడ్డులోకి పోయాను. ఆయన నరం గీస్తున్నాడు. ఆ సమయంలో ఆయనతో ఎవరూ మాట్లాడరు. నేను మాట్లాడాను.

"అన్నా, నేను చూడలె. చదివిన."

కుంచె గీత దాటి పోయింది. కోడలు ఇవాళ ఆ గుంత దగ్గరే ఉందని చెప్పాను. మేనేజరుకు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. కోడలి ఫోన్ గేటు దగ్గర డబ్బాలో పెట్టించుకుంటారు, అది మోగుతూనే ఉంది. రంగుల పెట్టె కాళ్ల మధ్య పెట్టుకుని స్కూటర్ తీశాడు. నేను వెనక కూర్చున్నాను.

పాలమాకుల ఊరు దాటాం. దేవుడి పేరు తలుచుకుందామంటే ఒక్క దేవుడూ నోట్లోకి రాలేదు. ఆ బోర్డు మీది నాలుగు మాటలే తిరిగి తిరిగి వచ్చాయి. నా చెయ్యి ఆయన భుజం మీద ఉంది. ఒక విమానం మా మీదుగా చాలా కిందికి దిగుతూ పోయింది, దాని నీడ రోడ్డు మీద మమ్మల్ని దాటింది. ఆయన స్కూటర్ ఆపబోయాడు. విమానం మోత వస్తే పని ఆపే అలవాటు అది. పోనియ్యన్నా అన్నాను.

గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరులో సంతకం పెట్టమన్నాడు. నేను ఆగలేదు. గుంత మూత పక్కకు తీసి ఉంది. ఇనుప నిచ్చెన కిందికి పోతోంది. నా కోడలు అంచున బకెట్ తాడు పట్టుకుని నిలబడి ఉంది. ఇంకొకామె నిచ్చెన మీద, తల దాకా లోపల. కోడలు తలెత్తి, "అత్తా, ఈమె పిలిస్తే పలుకుత లేదు" అంది. ఏదో మామూలు మాట చెప్పినట్టే చెప్పింది.

ఆ ఆడమనిషి చేతులు నిచ్చెనను పట్టుకునే ఉన్నాయి, తల పక్కకు వాలింది. నేను ఆమె కొప్పు పట్టుకున్నాను. ఆయన నేల మీద పడుకుని ఆమె చంకల కింద చేతులు వేశాడు. నా కోడలు మా ఇద్దరి బట్టలు పట్టుకుని వెనక్కి లాగింది. బయట పడ్డాక కాసేపు ఆమె రొమ్ము కదల్లేదు. తరువాత కక్కుకుంది. ఆ వాంతి చూసి నేను చేతులెత్తి దండం పెట్టాను. ఆమెను దవాఖానకు తీసుకుపోయారు. బతికింది. ఇప్పుడు తిమ్మాపూర్‌లో ఉంటుందట, నా పేరు కూడా తెలియదు ఆమెకు.

జనం పోగయ్యారు. సూపర్‌వైజరు బోర్డు పెట్టాం కదా, చదువుకోవాలి కదా అంటున్నాడు. ఆయన వాళ్లెవరినీ చూడలేదు. పెట్టె తెరిచాడు. అందులో ఉన్నవన్నీ నరాలు గీసే సన్న కుంచెలు. వాటిని పక్కకు నెట్టి నల్ల రంగు డబ్బా మూత పీకి, అరచెయ్యి ముంచి, గోడ మీద రాశాడు. మనిషి ఎత్తు అక్షరాలు. ఒళ్లు లేదు, నరం లేదు, పాదం లేదు. మొత్తం ఒకటే లావు. పిల్లవాడు పేడ అలికినట్టుంది. దిగొద్దు. ఒకటే మాట.

మోచేతి దాకా రంగు కారుతుండగా నా వైపు తిరిగి, దూరంగా పోయి నిలబడమని సైగ చేశాడు. అరికాళ్ల నుంచి వణుకు లేచింది, అయినా పోయాను, నలభై అంగలు.

"తోక నుంచి చదువు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు. అప్పుడు చివరి అక్షరం చూశాను, దాని ముందుది, దాని ముందుది. ద్దు. గొ. ది. అట్లా వెనక నుంచి వస్తే నోటికి మాట దొరకదు. అల్లుకోవడానికి ఏమీ ఉండదు. ప్రతి అక్షరం చూడాల్సిందే.

ఆ రోజు నుంచి ఆయన పోయేదాకా ఏ బోర్డునూ నాతో తల నుంచి చదివించలేదు. నేను ఆ అబద్ధం గురించి క్షమించమని అడగలేదు, ఆయన ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, చాలా నెలల తరువాత, నరం గీయడం ఆపి అన్నాడు. "నీ నోరు సంతోషంగ ఉండె చెల్లె ఆ దినం. నేను గా సంతోషం చూసి బోర్డు చూడలె." అంతే.

తరువాత సిటీ నుంచి ఒక ఆడపిల్ల వచ్చింది, అక్షరాలు గీసే చదువు చదివిన పిల్ల. ఫంక్షన్ హాళ్ల బోర్డులు ఫొటోలు తీసుకుంటూ తీసుకుంటూ మా దగ్గరికి చేరింది. ఈ అక్షరాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఎవరైనా వాడుకోవచ్చు అంది. ఎవరైనా అనేసరికి ఆయన మొహం పాలిపోయింది. అయినా రాయకుండా ఉండలేకపోయాడు. నాలుగు నెలలు, ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం, ఒక్కో ఒత్తు పెద్ద కాగితాల మీద రాసిచ్చాడు. ఆ పిల్ల ఆయన పేరే పెడతానంది. వద్దన్నాడు. రేపు ఏ గుంత మీద ఎక్కుతాయో తెలియదు, నా పేరు ఎందుకు అన్నాడు. ఆమెకు కొత్తూరు సంగతి తెలియదు, వినయం అనుకుంది.

ఒక్కటి అడిగాడు. "జానెడు కన్న చిన్నగ చేస్తే ఆగిపోయేటట్టు పెట్టొచ్చా అమ్మా?"

"అలా ఆపలేమండీ. చిన్న సైజుకి వేరే అక్షరాలు గీయాలి, నరాలు లావుగా ఉండేవి" అంది ఆ పిల్ల. ఉన్న మాట చెప్పింది, మంచిది.

అప్పటికే ఆయన కంట్లో పొర వచ్చింది. అయినా మొదలుపెట్టాడు. చిన్నవి, నరం లావువి, పాదం మొద్దువి. అందం లేదు వాటికి. వాటి మీద పెద్దవాటి కన్నా ఎక్కువ కష్టపడ్డాడు. అచ్చులు అయ్యాయి. హల్లులు సగం అయ్యాయి. అక్కడ చెయ్యి ఆగింది. పెద్దవి మాత్రం లోకంలోకి పోయాయి. ఎయిర్‌పోర్టు రోడ్డులో హోటలు మీద ఉన్నాయి, పెండ్లి పత్రికల మీద ఉన్నాయి, మొన్న ఒక దగ్గుమందు సీసా మీద చూశాను. ఆ సీసా కొనకుండా షాపువాడికి తిరిగి ఇచ్చేశాను.

ఇప్పుడు ఆయన ఫ్లెక్సీ మీద ఉన్నాయి.

స్టూలు దిగి కూతురుకు ఫోన్ చేశాను. ఆమె ఏడుస్తూ చెప్పింది, నాన్న అక్షరాలే మొత్తం వేయించమని తన భర్తే పట్టుబట్టాడని. ప్రేమతో చేశాడు, ఏమనను. ఫ్లెక్సీ షాపుకు పోయాను. పేరు కింది రెండు వరుసలూ లావుగా కొట్టి ఇంకొకటి ఇయ్యమన్నాను. కుర్చీలో ఉన్నాయన లేవకుండానే, "అవ్వా, అద్దాలు మార్చుకో. నాకు మంచిగనే కనబడ్తుంది" అన్నాడు. ఆయన చూస్తున్నది కంప్యూటర్‌లో, జానెడు దూరం నుంచి. రోడ్డు మీదికి వచ్చి తోక నుంచి చదివి చూడమన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

అప్పటికి పదకొండు దాటింది.

షెడ్డు తాళంచెవి ఒకటి ఎప్పటి నుంచో నా దగ్గరే ఉంది. లోపల రంగు వాసన ఇంకా ఉంది. సన్న కుంచెలు తల కిందులుగా డబ్బాలో ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. నల్ల డబ్బా తీశాను. షట్టరు దించి, అరచెయ్యి ముంచాను. బోర్డు రాయడం నా బతుకులో అదే మొదలు. మట్టి మైలార్‌దేవ్‌పల్లి. నాలుగు గంటలకు. ఒక్కో అక్షరం నా మోచేయంత. వంకర పోయింది, కారింది, ఒక చోట చెరిపి మళ్లీ పెట్టాను. ఆటోవాళ్లు చూస్తూ నిలబడ్డారు. ఇంత ఘోరమైన రాతనా ఆర్టిస్టు షట్టరు మీద అన్నాడొకడు.

చెయ్యి తుడుచుకోకుండానే రోడ్డు దాటాను. సున్నం గీత ఎప్పుడో చెరిగిపోయింది, అయినా నా పాదాలకు తెలుసు. నిలబడి తిరిగి చూశాను. అంతా కనబడింది. స్పష్టంగా కనబడింది. అప్పుడు ఆ పాత వణుకు మళ్లీ అరికాళ్ల నుంచి లేచింది. రాసిన చెయ్యి నాదే. అక్కడ ఏముందో నాకు ముందే తెలుసు. తోక నుంచి చదివినా తెలుసు, కళ్లు మూసుకున్నా తెలుసు. చూస్తున్నానో చదువుతున్నానో ఎట్లా తేల్చుకోను?

బస్సు ఆగే చోట ఒకామె నిలబడి ఉంది. నెత్తి మీద చుట్టకుదురు, చంకలో గంప, కొత్తూరు వైపు పోయే బస్సు కోసం చూస్తోంది. చదువు వచ్చా అక్కా అని అడిగాను. నల్ల చేతుల ముసలిదాన్ని చూసి జంకింది. రాదంది. అంత సంతోషం ఆ జవాబు ఎవరికీ ఇచ్చి ఉండదు. ఆమె భుజం పట్టుకుని గీత ఉండే చోట నిలబెట్టాను.

"ఆ షట్టరు చూడు. తోక కాడి నుంచి చెప్పు. ఏం కనబడ్తుంది?"

"నల్లగ ఏదో ఉన్నది."

"ఏదో కాదు. కడపటిది ఎట్లున్నది?"

ఆమె కళ్లు చికిలించింది. "తోకున్నది ఒకటి" అంది. తరువాత కొంచెం ఆగి, "దాని ముంగట మెడ వంచిన పిట్ట" అంది.

ల. నేను ఊపిరి బిగబట్టాను. ముందుకు పో అక్కా అన్నాను. ఆమె చెప్తూ పోయింది, ఒక్కోటి, నిదానంగా, కనబడ్డది కనబడ్డట్టు. ఆరాంఘర్ వైపు నుంచి ఆమె బస్సు వచ్చి మా ముందు ఆగింది, షట్టరు కనబడకుండా పోయింది. ఇంకా మైలార్‌దేవ్‌పల్లి సగం మిగిలి ఉంది. నేను పోయి డ్రైవరు తలుపు మీద నల్ల అరచేత్తో కొట్టాను. బస్సు నాలుగు అంగలు ముందుకు తీసి నిలబెట్టు బిడ్డా, ఈమె ఇంకా చూడాలె అన్నాను.

అతను ఏమనుకున్నాడో తెలియదు, ముందుకు తీసి ఆపాడు. ఆమె మొదటి అక్షరం చెప్పేదాకా హారన్ కొడుతూనే ఉన్నాడు.